మెరూ కొండ కింద నల్లగొండ బకెట్టు

టాంజానియా అనగానే మనలో చాలామందికి కిలిమంజారో పర్వతం, సెరెంగెటీ మైదానాల్లో సింహాలు గుర్తుకొస్తాయి. ఆ దేశపు ఉత్తరాన, అరుషా పట్టణం చుట్టుపక్కల తాగునీటి పని చేసేవాళ్ళకు మాత్రం మన తెలుగు జిల్లా పేరొకటి బాగా తెలుసు. అది నల్లగొండ. నీటిలోంచి ఫ్లోరైడును తీసే ఒక పద్ధతిని అక్కడ కూడా ‘నల్లగొండ పద్ధతి’ అనే అంటారు. ఆ జిల్లావాణ్ణి కావడం ఒక కారణం కావచ్చు, ఒక చిన్న స్వచ్ఛంద బృందంతో కలిసి మెరూ కొండ వాలులోని ఒక గ్రామంలో ఏడు వారాలు పనిచేసే అవకాశం నాకు దొరికింది. పరాయి ఊరికి వలంటీరుగా పోయినవాడు చేయగలిగింది ఎంత, చేయలేనిది ఎంత? అక్కడ తెలిసింది మిత్రులతో పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు రోగం సంగతి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మించితే మొదట దెబ్బతినేవి పళ్ళు. పాలపళ్ళు ఊడాక వచ్చే పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యేది పుట్టిన దగ్గర్నుంచి సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ఆ వయసులో చెడ్డ నీళ్ళు తాగితే పళ్ళకు గోధుమరంగు చారలు పడతాయి, తోమితే పోవు. మోతాదు ఎక్కువై ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు గట్టిపడి నడుము వంగదు, మెడ తిరగదు. కొందరి కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయి. వచ్చాక నయం చేసే మందు లేదు. నీళ్ళు మరిగిస్తే పోతుందా అంటే, పోదు సరికదా, ఆవిరైన మేరకు ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది.

మన దగ్గర ఈ విషం నల్లరాతి పొరల్లోంచి బోరునీళ్ళలోకి దిగుతుంది. అందుకే ‘బోరు తాగకు, చెరువు తాగు’ అని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అనేవారు. మెరూ దగ్గర ఆ మాట కూడా పనికిరాదు. నాలుగున్నర వేల మీటర్లు దాటిన ఆ కొండ ఒక అగ్నిపర్వతం. ఇథియోపియా నుంచి కెన్యా, టాంజానియాల మీదుగా సాగే మహా పగులులోయ పొడుగునా ఇలాంటి కొండలున్నాయి. వాటి బూడిదలో, లావా రాళ్ళలో ఫ్లోరైడు దండిగా ఉంటుంది. అందువల్ల అద్దంలా మెరిసే ఊటనీరు, గలగల పారే వాగునీరు కూడా నమ్మదగింది కాదు. ఆ పక్కనే ఉన్న మొమెల్లా సరస్సుల్లో లీటరుకు వందల మిల్లీగ్రాములు ఉంటుంది. మంచి నీరు దొరకడం ఎంత కష్టమంటే, 1974లో టాంజానియా ప్రభుత్వం తాత్కాలికంగా 8 మిల్లీగ్రాముల దాకా తాగవచ్చునని నిర్ణయించాల్సి వచ్చింది. తర్వాత ఆ హద్దును దించింది.

ఇక నల్లగొండ పద్ధతి. 1970లలో నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీన్ని తయారుచేశారు. కావలసినవి రెండే: పటిక, సున్నం. పటిక నీటిలో కరిగి తెల్లని తేలిక ముద్దలుగా మారుతుంది; ఫ్లోరైడు ఆ ముద్దలకు అంటుకుని అడుక్కు దిగుతుంది. పటిక వల్ల నీళ్ళు పులిసిపోకుండా సున్నం కాపాడుతుంది. మన దగ్గర దీన్ని ఊరుమ్మడి ట్యాంకుల్లో వాడారు. అరుషా ప్రాంతంలోని న్గుర్డోటో పరిశోధన కేంద్రంలో దీన్ని ఇంటి బకెట్టుకు కుదించారు. ఇరవై లీటర్ల బకెట్టులో తూచిన పటిక, సున్నం వేసి, చెక్క తెడ్డుతో అరవై లెక్కపెట్టే దాకా జోరుగా, తర్వాత మూడు వందలు లెక్కపెట్టే దాకా మెల్లగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. అడుగుకు కాస్త పైన బిగించిన కుళాయి తిప్పి, గుడ్డలో వడగట్టి రెండో బకెట్టులోకి పట్టుకోవాలి. స్నానానికీ బట్టలకూ ఏ నీళ్ళయినా ఫర్వాలేదు. తాగడానికి, వంటకు మాత్రమే ఈ శ్రమ.

వినడానికి ఇంత సులువైనదానికి వలంటీర్లు ఎందుకు అనిపించవచ్చు. నాకు అప్పగించిన పని చెబుతాను. ఊట ఊటకూ ఫ్లోరైడు వేరు కాబట్టి ప్రతి ఊటనీటినీ మీటరుతో కొలవాలి. కొలతను బట్టి పటిక, సున్నం తూచి కాగితపు పొట్లాలు కట్టాలి. ఇంటింటికీ పోయి ఎవరు కలుపుతున్నారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని రాసుకోవాలి. అడుగున మిగిలిన బురదలో తీసేసిన ఫ్లోరైడంతా ఉంటుంది గనుక, పశువులు నోరు పెట్టని చోట గుంట తీసి పూడ్పించాలి. నేను పోయిన జూన్, జూలై అక్కడ వానలు వెనకబడ్డ పొడి నెలలు. గూనలు కట్టుకున్న ఇళ్ళవాళ్ళు ఇంటి కప్పు మీది వాననీళ్ళు నిలవ చేసుకుంటారు. అందులో ఫ్లోరైడు ఉండదు. కాబట్టి వాననీళ్ళున్నన్ని రోజులు బకెట్టుతో పనే లేదని మేమే చెప్పేవాళ్ళం.

మానేసినవాళ్ళ కారణాలు నా నోటు పుస్తకంలో చాలా ఉన్నాయి. నీళ్ళు కాస్త వగరుగా ఉంటాయి. పటిక పట్టణం నుంచి రావాలి, డబ్బులు కావాలి. పొద్దున్నే పొలానికి పోయే ఆడమనిషికి తెడ్డు పట్టుకుని మూడు వందలు లెక్కపెట్టే తీరిక ఎక్కడిది? పళ్ళ రంగు సంగతంటారా, ఊళ్ళో అందరివీ అంతే కనుక అది రోగమని తోచదు. ఇంకొకటి, వంటింట్లో ఉంది. మనం శనగలు త్వరగా ఉడకాలని వంటసోడా వేసినట్టే వాళ్ళు చిక్కుడు గింజల్లో ‘మగాడి’ అనే నేలసోడా వేస్తారు. దాంట్లోనూ ఫ్లోరైడు ఎక్కువే. నీళ్ళు శుద్ధిచేసి కూరలో మగాడి వేస్తే సగం శ్రమ వృథా. ఈ మాట ఊరిసభలో ఉపన్యాసంగా చెబితే ఎవరూ వినరు. పొయ్యి దగ్గర కూర్చుని, ముందురోజు రాత్రే గింజలు నానబెడితే కట్టెలూ మిగులుతాయని చెబితే కొందరు విన్నారు.

భాషా మర్యాదలు తెలియకుండా ఇదేదీ సాగదు. స్వాహిలీలో పెద్దవాళ్ళు కనిపిస్తే చిన్నవాళ్ళు ‘షికామో’ అనాలి. వాళ్ళు ‘మరహబా’ అని అందుకున్నాకే అసలు మాట. మన ‘దండం పెడుతున్నానమ్మా’, ‘చల్లగుండు బిడ్డా’ లాంటిదే. నాయనమ్మ వయసు ఆవిణ్ణి ‘బీబీ’ అనాలి. బడి పంతులుగారొకరు నాకు దుబాసీగా వచ్చేవారు. ఒకనాడు ఒక బీబీ, నేను తెడ్డు తిప్పుతుంటే చూసి, “ఇది మీ ఊరి పద్ధతేనట కదా. మీ అమ్మ ఇప్పటికీ ఇలాగే కలుపుతుందా?” అని అడిగింది. లేదు బీబీ, మాకు ఇప్పుడు నది నీళ్ళు పైపులో వస్తాయి అన్నాను. “అయితే మాకూ పైపు రావాలిగా” అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్నలోనే మొత్తం విషయం ఉందనిపించింది.

నల్లగొండ చరిత్ర చూడండి. మన ఊళ్ళలో కట్టిన ఫ్లోరైడు ప్లాంట్లు చాలావరకు మూలపడ్డాయి. రోజూ మందు కలిపే మనిషి లేక కొన్ని, పటిక రాక కొన్ని, బురద ఎత్తేవాళ్ళు లేక కొన్ని. పద్ధతికీ హద్దులున్నాయి. ఫ్లోరైడు చాలా ఎక్కువున్న నీటిని ఇది తగ్గిస్తుందే గాని 1.5 దాకా దించలేదు. పటిక ఎక్కువైతే అదో బాధ. చివరకు జనం నది నీళ్ళ కోసం పోరాడారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద నల్లగొండ స్థానంలో బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్టు పత్రం పుస్తకమంత అయి, ఎన్నిక వాయిదా వేయవలసి వచ్చింది. దేశం అప్పుడు మా వైపు చూసింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద ఇంటింటికీ పైపులు వేశారు. అంటే రోగాన్ని ఆపింది అసలు నది నీళ్ళు. అవి తేవడం ప్రభుత్వం పని. బకెట్టుతో అయ్యేది కాదు, వలంటీరుతో అయ్యేది అంతకన్నా కాదు.

మరి బకెట్టు దండగేనా? కాదు. 1971లో టాంజానియా ఇరవై ఏళ్ళలో ప్రతి పల్లెవాసికీ 400 మీటర్ల లోపు మంచినీరు అందిస్తామని కార్యక్రమం పెట్టుకుంది. 1991 వచ్చింది, పోయింది, లక్ష్యం అందలేదు. మా జిల్లాలోనూ రోగం తెలిసిన నాటి నుంచి నీళ్ళు వచ్చిన నాటికి తరాలే గడిచాయి. పైపు ఆలస్యం కావచ్చు, పిల్ల పెరగడం ఆగదు. ఈ ఏడు పుట్టిన పసిదానికి ఉన్నది ఎనిమిదేళ్ళ గడువే. ఆ గడువులో ఆ ఒక్క ఇంట్లో తాగే నీళ్ళను బాగుచేయగలిగితే బకెట్టు తన పని చేసినట్టే. అందుకే ఏడు వారాల చివర మా బృందం పొట్లాలు పంచడం మానేసి, పసిపిల్లలున్న ఇళ్ళ జాబితా, త్రాసు, కొలతల పుస్తకం ఆ ఊరి ఆడవాళ్ళ సంఘానికి ఇచ్చింది. తూచడం వాళ్ళలో ఇద్దరికి బాగా వచ్చు.

1967లో నైరేరే ‘కుజిటెగెమెయా’, అంటే మన కాళ్ళ మీద మనం నిలబడటం, అని చాటింది ఆ అరుషా పట్టణంలోనే. పరదేశం పోయి సేవ చేయదలచిన మిత్రులు ఆ మాట గుర్తుంచుకుంటే మంచిది. మనం వెళ్ళిపోయాక ఆ పని ఎవరు చేస్తారు, సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఖర్చు ఎవరు భరిస్తారు అని మొదటి రోజే అడగండి. అనుమతి లేకుండా పిల్లల పళ్ళ ఫోటోలు తీయకండి. రసాయనశాస్త్రం చదివే మిత్రులకు ఇంకో మాట: విమానం ఎక్కనక్కరలేదు. మన ఊళ్ళలో బోర్లు ఇంకా ఉన్నాయి. కుళాయి నీళ్ళు రాని రోజున ఏ ఇల్లు ఏ నీళ్ళు తాగుతోందో ఒక సెలవుల్లో కొలిచి రాయండి. ఆ పుస్తకం గ్రామ పంచాయితీకి పనికొస్తుంది.