సౌర బ్యాటరీ: అపోహలు – వాస్తవాలు

పైరును కాచు సోలార్ కంచె మొదలుకొని, కరెంటు పోయిన వేళ అంగడిలో వెలుగు దీపము వరకు, సూర్యరశ్మితో నిండు బ్యాటరీ నేడు మన పల్లెలకు అపరిచిత వస్తువు కాదు. ఐనను, పగటివేళ ప్యానెల్ దానిని నింపుచుండగా దానిపైననే ఫ్యానును, దీపమును నడుపవచ్చునా యను శంక పెక్కురిని ఇంకను వీడలేదు. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకు నెలవై, పైరుపంటల విషయమున శాస్త్రవాక్యమును వినుటకు అలవడిన గరిడేపల్లి మండలమున, ఈ శంకయు శాస్త్రదృష్టితోనే తీరవలసియున్నది.

అపోహ: నిండుచుండగా వాడినచో బ్యాటరీ చెడిపోవును.

వాస్తవము: ఒకే బ్యాటరీ ఒకే క్షణమున నిండుటయు, తరుగుటయు జరుగదు. ప్యానెల్ కును బ్యాటరీకిని నడుమ నుండు చార్జ్ కంట్రోలర్ ద్వారా 10 ఆంపియర్లు వచ్చుచుండగా వాడకము 4 ఆంపియర్లైనచో, మిగిలిన 6 మాత్రమే బ్యాటరీలోనికి పోవును. వాడకము 13 ఆంపియర్లకు పెరిగినచో, లోటైన 3 ఆంపియర్లను బ్యాటరీ తీర్చును. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు చేరుచుండగానే తూము తెరచిన చెరువులో, మట్టము రాకపోకల అంతరమును బట్టి పెరుగుటయో తరుగుటయో జరుగునట్టిదే ఇదియు. పైగా, నేరుగా వాడకమునకు పోయిన విద్యుత్తునకు, దాచి మరల తీయుటయందలి నష్టము తప్పును గనుక, పగటి పనిని పగటనే నెరవేర్చుకొనుట లాభకరము.

అపోహ: బ్యాటరీ పెద్దదైన చాలును, ప్యానెల్ చిన్నదైనను కొదువ లేదు.

వాస్తవము: బ్యాటరీలను అకాలముగా చంపునది ఈ భ్రమయే. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల లెడ్-ఆసిడ్ బ్యాటరీలో పట్టునది సుమారు 1800 వాట్-అవర్లు. దాని ఆయుస్సు కోరువారు అందు సగము, అనగా 900 మాత్రమే వాడుట మేలు. 100 వాట్ల ప్యానెల్, ఐదు గంటల మంచి ఎండలో, నష్టములు పోగా, ఇచ్చునది 400 వాట్-అవర్లకు మించదు. ఒక రాత్రి తీసిన దానిని తిరిగి నింపుటకు, పగలు ఏమియు వాడకున్నను, రెండు దినములకు పైగా పట్టును. ఇట్లు తీసినది తిరిగి చేరక, బ్యాటరీ దినదినము అరకొరగా నిలిచిపోయినచో, సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, దాని శక్తి క్షీణించును. పగటి వాడకమునకు అంటగట్టబడిన నేరము వాస్తవమున ఈ లోటుదే.

అపోహ: ఎండ మండిన కొలది విద్యుత్తు హెచ్చును.

వాస్తవము: విద్యుత్తు నిచ్చునది వెలుతురు, వేడిమి కాదు. ప్యానెల్ పై వ్రాసిన వాట్లు 25 డిగ్రీల వద్ద లెక్కించినవి. సిలికాన్ పలకలు 65 డిగ్రీలకు కాగినపుడు, అందులో ఇంచుమించు ఏడవవంతు తగ్గిపోవును. వేడిమి బ్యాటరీకిని శత్రువే. దానిని గాలి యాడు నీడలో నుంచి, నీటిమట్టమును చూచుచు, తగ్గినపుడు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయవలెను.

అపోహ: ఎండ యున్నంతవరకు బ్యాటరీని తొలగించినను దీపములు నడచును.

వాస్తవము: వోల్టేజిని నిలుకడగా నుంచునది బ్యాటరీయే. అది లేనిచో, 12 వోల్టుల ప్యానెల్ నుండి 20 వోల్టులకు పైగా వెలువడి, కంట్రోలర్ కును, దీపములకును హాని కలుగవచ్చును. కలుపునపుడు మొదట బ్యాటరీని, పిదప ప్యానెల్ ను కలుపవలెను. తీయునపుడు మొదట ప్యానెల్ ను, పిదప బ్యాటరీని తీయవలెను. ఇన్వర్టర్ ను కంట్రోలర్ యొక్క చిన్న లోడ్ టెర్మినళ్లకు కాక, ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే బిగింపవలెను.

కావున వాడకమునకు భయపడ పనిలేదు. లెక్కకు మాత్రము వెనుదీయరాదు. ప్యానెల్ ను, వాడకమును ఆపి, కొన్ని గంటలు విశ్రమింపనిచ్చి చూచినపుడు మీటరు 12.7 వోల్టులు చూపినచో 12 వోల్టుల లెడ్-ఆసిడ్ బ్యాటరీ నిండినట్లు, 12.2 వద్ద నున్నచో సగమైనట్లు. అది తరచుగా ఇంతకన్న దిగువకు జారుచున్నచో, ప్యానెల్ నైనను పెంచవలెను, రాత్రి వాడకమునైనను తగ్గింపవలెను.