పాత బెంజ్‌కు ఎంత పెట్టొచ్చు?

హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద సుమారు వంద కిలోమీటర్లు వస్తే జహీరాబాద్. 1980ల్లో ఆల్విన్ నిస్సాన్ ఇక్కడ తేలికపాటి ట్రక్కులు తయారుచేసింది. 1989లో ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడది ట్రాక్టర్ల ఊరు. పదేళ్ల ట్రాక్టర్ ఎంత పలుకుతుందో చుట్టుపక్కల రైతులు చూడగానే ఇంచుమించుగా చెప్పేస్తారు. పన్నెండేళ్ల బెంజ్ ఈ-క్లాసో, బీఎండబ్ల్యూ 5 సిరీసో అమ్మకానికి వస్తే మాత్రం ఒకరు చెప్పే ధరకూ మరొకరు చెప్పే ధరకూ లక్షల్లో తేడా.

కారు కొత్తగా ఉన్నంతకాలం ఈ చిక్కు లేదు. బీమా కోసం విలువ కట్టడానికి ఒక పట్టిక ఉంది. ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, ఆపైన ఏడాదికి మరో 10 చొప్పున తగ్గించుకుంటూ పోయి, ఐదో ఏట సగానికి తెస్తారు. రూ.50 లక్షల సెడాన్ అప్పటికి రూ.25 లక్షలన్నమాట. పైగా ఈ లెక్క షోరూం ధర మీదే. లైఫ్ ట్యాక్స్ కింద కట్టిన లక్షలు ఇందులోకి రావు. ఐదేళ్లు దాటాక పట్టికే లేదు. కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ.

ఇక అక్కడి నుంచి ధరను నిర్ణయించేది కారు ఒకప్పుడు ఎంతకు వచ్చిందన్నది కాదు, కొన్నవాడు దాని మీద ఇంకా ఎంత పెట్టాలన్నది. కారు రేటు ఏటా పడిపోతుంది గానీ దాని విడిభాగాల రేటు పడదు. రూ.8 లక్షలకు దొరికిన కారుకైనా గేర్‌బాక్స్ రూ.50 లక్షల కారుదే. జహీరాబాద్‌లో ఉండేవారికి ఇంకో ఖర్చు కూడా ఉంది. ట్రాక్టర్ ఆగిపోతే ఊళ్లోనే మెకానిక్ దొరుకుతాడు. బెంజ్ ఆగితే లారీకెక్కించి హైదరాబాద్ పంపాలి. ఇక్కడ కొనేవాళ్లు తక్కువ కాబట్టి అదే కారుకు నగరంలో వచ్చినంత ధర ఇక్కడ రాదు. అమ్మేవాళ్లు దీన్ని ఒప్పుకోవడం కష్టమే, కానీ నిజం.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే పొద్దున్నే వెళ్లి చూడాలి, వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాలి. ఇందులో ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు పగిలి గాలి జారిపోతుంది. రాత్రంతా నిలబడిన కారు తెల్లారేసరికి ఒక మూల కిందికి వంగి కనిపిస్తుంది. ఇంజిన్ వేయగానే కంప్రెసర్ గాలి నింపి కారును మళ్లీ పైకి లేపుతుంది. పది గంటలకు వెళ్లినవారికి ఆ లోపం కనిపించదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరు, వచ్చే పొగ కూడా పొద్దున్నే వెళ్తేనే తెలుస్తాయి.

మీటర్‌లో కిలోమీటర్లు చూసి మురిసిపోకూడదు. మీటర్ తిప్పడం చాలా పాత విద్య. ఛాసిస్ నంబర్‌తో కంపెనీ వర్క్‌షాప్‌లో సర్వీస్ చరిత్ర అడగాలి, బ్రేక్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూడాలి. 40 వేల కిలోమీటర్లు తిరిగిన కారు పెడల్ నున్నగా అరిగిపోదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడటం మరీ ముఖ్యం. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు నీట మునిగాయి. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు గానీ బెల్టు లోపలి మడతల్లో బురద చార మిగిలిపోవచ్చు. నీళ్లు తాగిన ఎలక్ట్రానిక్స్ ఎప్పుడు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు. అలాంటి కారు ఎంత చౌకగా వచ్చినా వద్దు.

ఇక కాగితాలు. ఏపీ నంబర్ అంటే తెలంగాణ ఏర్పడిన 2014 జూన్‌కు ముందుది, టీఎస్ అంటే ఆ తర్వాతిది, టీజీ అంటే 2024 మార్చి తర్వాతిది అని అందరూ లెక్కేస్తారు. ఆ లెక్క అన్నిసార్లూ నిలవదు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగొద్దంది. 2018లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2025లో కొంత ఊరట వచ్చినా, ఈలోగా అక్కడి డీజిల్ లగ్జరీ కార్లు చౌకగా మిగతా రాష్ట్రాలకు చేరాయి. అలా వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరైన 2012 కారుకూ టీఎస్ లేదా టీజీ నంబరే ఉంటుంది. అందుకే నంబర్ ప్లేటు పక్కనపెట్టి ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం చూడాలి. పక్కనే ఉన్న బీదర్ నుంచి కేఏ 38 కారు తెచ్చుకున్నా ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేయాలి.

పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. రూ.600 ఉన్న కేంద్ర రుసుము 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలైంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10 వేలు చేశారు. పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందని ఆశపడేవాళ్లూ ఉన్నారు. చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం రోల్స్ రాయిస్ వంటి వాటి లెక్క వేరు. చట్టం ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలన్నా యాభై ఏళ్లు దాటాలి.

ధర కట్టేటప్పుడు ప్రకటనల్లో అదే మోడల్, అదే ఏడాది, అదే ఇంధనం, అంతేమంది ఓనర్లు ఉన్న కార్లను నాలుగైదు పోల్చాలి. అవి అడిగే ధరలే, తెగిన ధరలు కావు. ఒక కారుకు రూ.10 లక్షలు అడుగుతున్నారనుకుందాం. టైర్లు, సస్పెన్షన్, రిజిస్ట్రేషన్ పొడిగింపు కలిపి ఏడాదిలో రూ.2.5 లక్షలు అవుతాయని నమ్మకమైన వర్క్‌షాప్ చెబితే బేరం రూ.7.5 లక్షల దగ్గర మొదలుపెట్టాలి. తనిఖీకి అయ్యే కొన్ని వేలు చూసి వెనకాడకూడదు.

బేరం తెగాక అమ్మినవారికీ ఒక పని మిగిలే ఉంటుంది. పేరు మారేదాకా ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మిన 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలపాలి. బీమా మార్పిడికి కొన్నవారు దరఖాస్తు చేసుకోవాల్సిన గడువూ 14 రోజులే.