రంగు పోయిన నీరు పొలమునకు తగునా?

తమిళనాట తిరుప్పూరు పేరుపడిన అద్దకపు పట్టణము. దానికి దిగువను నొయ్యల్ నదిపై ఒరత్తుపాళెమునొద్ద 1992లో సేద్యమునకై ఆనకట్ట కట్టిరి. కొలది యేండ్లకే అందు అద్దకపు శాలల మురుగు నిలిచినది. ఆయకట్టు రైతులు సంఘముగా గూడి వ్యాజ్యమాడిరి. మద్రాసు హైకోర్టువారు 2006లో మురుగును నదిలో విడువనేరాదనియు, 2011 జనవరిలో ఆ యాజ్ఞ చెల్లనందున శాలలను మూయవలసినదనియు ఉత్తరువు చేసిరి. సంఘబలమున జరిగిన పని గనుక దీనిని ముందుగా పేర్కొంటిమి.

అట్టి నీటిని బాగుచేయుటకు ఎంజైములు పనికివచ్చునని శాస్త్రజ్ఞులు చూపుచున్నారు. మొలకెత్తు గింజలోని పిండిని తీపిగా మార్చునది ఎంజైమే. తాను తఱుగక వేఱొక పదార్థమును మార్చుట దాని గుణము. కట్టెను కుళ్లించి తెల్లబఱచు కొన్ని శిలీంధ్రములలో లక్కేసు అను ఎంజైము గలదు. అది గాలిలోని ప్రాణవాయువు సాయమున రంగును విఱుచును.

దీనిని ఊరక కలిపినచో నీటితోడనే కొట్టుకొనిపోవును; వెలయా, హెచ్చు. కావున సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేటు ద్రావణములో దీనిని కలిపి, కాల్షియము క్లోరైడు నీటిలో చుక్కలుగా విడుతురు. ఆ చుక్కలు ఉడికిన సగ్గుబియ్యమువలె గట్టిపడును. ఎంజైము లోపల చిక్కియుండును. ఆ గుండ్లను గొట్టమున నింపి రంగునీటిని వానిగుండ పోనిత్తురు. అవే గుండ్లు పలుమాఱులు పనిచేయును. ఇట్లు కట్టిపెట్టిన ఎంజైముతో కర్మాగారము నడపుట 1969లో జపానున మొదలయ్యెను. అయితే అది అమైనో ఆమ్లముల తయారీకి.

రైతునకు ముఖ్యమైన సంగతి వేఱొకటి గలదు. రంగు విఱిగినను ఉప్పు విఱుగదు. నూలుబట్టకు రియాక్టివు రంగు పట్టుటకై తొట్టిలో లీటరునకు 40 మొదలు 80 గ్రాముల వఱకు ఉప్పు వేయుట కలదు. నొయ్యల్ దిగువ పొలములను చెఱచినది విశేషముగా ఆ యుప్పే. పైగా ఉప్పులోని క్లోరైడు లక్కేసు పనిని మందగింపజేయును. కొన్ని రంగులు విఱిగిన ముక్కలు మొదటి రంగుకంటె విషకరములు గావచ్చును. ఉప్పు తీయుటకు సన్నని పొరలగుండ వడగట్టి, మిగిలిన చిక్కని నీటిని ఇగిర్పవలయును. పెద్ద వ్యయము అచ్చటనే.

కావున మీ కాలువ యెగువన అద్దకపు శాల యుండి, శుద్ధమైన నీరు విడుచుచున్నామని వారు చెప్పినచో, నీటి తేట చూచి సమ్మతింపక అందలి లవణముల లెక్క అడుగుడు. లీటరునకు 2,000 మిల్లీగ్రాములు మించినచో పెక్కు పైరులు దెబ్బతినును. బావినీటిని శుభ్రమైన సీసాలో పట్టి పరీక్షాకేంద్రమునకు పంపినచో ఈ లెక్క తెలియును.