ఎండాకాలం కొండ నడకకు బూట్లు: తేలిగ్గా ఉండాలి, తెగకుండా ఉండాలి

పోయిన ఎపిసోడ్‌లో ఎండాకాలం కొండ ఎక్కేటప్పుడు నీళ్ళు ఎన్ని మోయాలో మాట్లాడుకున్నాం. దాని కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "నీళ్ళ సంగతి సరే, బూట్లు ఏవి కొనాలి? తేలికవి కొంటే తొందరగా పోతున్నాయి, గట్టివి కొంటే కాళ్ళు లాగేస్తున్నాయి." ఈ రోజు దాని గురించే చెప్పుకుందాం. కంపెనీల పేర్లు చెప్పను. ఎందుకంటే మోడళ్ళు ఏటా మారిపోతాయి. బూటు చేతిలోకి తీసుకున్నాక మీరే ఎలా చూసుకోవాలో చెప్తాను, అది మారదు.

ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నల్లమలలో సలేశ్వరం జాతర మీకు తెలిసే ఉంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా, అమ్రాబాద్ పులుల అడవి లోపల, చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు మాత్రమే దారి తెరుస్తారు. బండ్లు ఆగిన చోటు నుంచి లోయలోకి దిగాలి. రాళ్ళ దారి, నిండు ఎండాకాలం. మా బాబాయ్ వెళ్తానంటే, "మామూలు చెప్పులతో వద్దు బాబాయ్" అని అటక మీద ఉన్న నా పాత బూట్లు దింపి ఇచ్చాను. ఆరేళ్ళ కిందట కొన్నవి, పట్టుమని పదిసార్లు వేసుకున్నానో లేదో. పైకి చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి.

దిగేటప్పుడు సగం దారిలో ఆయన వెనక నుంచి పిలిచారు. "ఒరేయ్, బూటు నోరు తెరిచిందిరా!" చూస్తే ముందు నుంచి మడమ దాకా సోల్ ఊడి వేలాడుతోంది. తువ్వాలు చింపి కట్టాం. పావుగంటకి రెండోది కూడా ఊడింది. తువ్వాలు కట్టిన కాలు రాయి మీద జారింది, మోకాలు తిరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు భుజం ఇస్తే తప్ప పైకి రాలేకపోయారు. ఆయనకి ఇప్పటికీ మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి. తప్పు ఆయనది కాదు, నాది. ఏం తప్పు చేశానో కొంచెం ఆగి చెప్తాను. మీలో చాలామంది అటకల మీద కూడా అదే తప్పు కూర్చుని ఉంటుంది.

బరువు ఎందుకంత ముఖ్యం?

వీపు మీద కిలో, పాదం మీద కిలో ఒకటి కాదండి. పాదాన్ని ప్రతి అడుగుకీ ఎత్తాలి, ముందుకు విసరాలి, ఆపాలి. అమెరికా సైన్యం పరిశోధకులు 1969లోనే కొలిచి చూశారు. నడుముకీ వీపుకీ కట్టిన బరువుతో పోలిస్తే పాదానికి కట్టిన బరువు నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి తింటుందని తేలింది.

లెక్క వేసి చూద్దాం. అడుగు 70 సెంటీమీటర్లు అనుకుంటే 10 కిలోమీటర్లకి దాదాపు 14,000 అడుగులు. అంటే ఒక్కో కాలు 7,000 సార్లు లేస్తుంది. ఒక్కో బూటు 300 గ్రాములు ఎక్కువ ఉంటే, రెండు కాళ్ళూ కలిపి ఆ రోజు అదనంగా ఎత్తే బరువు 4,200 కిలోలు. నాలుగు టన్నులు! సాయంత్రానికి కాళ్ళు ఈడుస్తూ నడిచేది అందుకే. ఈడ్చే కాలే రాయికి తగులుకుంటుంది.

కాబట్టి ఎండాకాలానికి, వీపు మీద చిన్న బ్యాగు మాత్రమే ఉన్నప్పుడు, ఎనిమిది తొమ్మిది నంబర్ సైజులో ఒక్కో బూటు 350 నుంచి 550 గ్రాముల మధ్య ఉంటే చాలు. 600 దాటిందంటే అది మంచుకో, పెద్ద మూటకో చేసిన బూటు అనుకోండి. షాపులో తూకం లేకపోతే వెబ్‌సైట్‌లో బరువు రాసి ఉంటుంది. అది ఒక్క బూటుదా, జతదా అన్నది మాత్రం సరిగ్గా చదవండి.

తేలికదనం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది అసలు కిటుకు. బరువు తగ్గించడానికి ఏదో ఒకటి తీసెయ్యాలి. ఏది తీశారో తెలుసుకుంటే, ఎక్కడ తెగుతుందో ముందే తెలిసిపోతుంది.

మొదటిది, కింది రబ్బరు. బూటు తిరగేసి చూడండి. కొన్నిటిలో ముందూ వెనకా మాత్రమే రబ్బరు ఉండి, మధ్యలో మెత్తటి నురుగు బయటికి కనిపిస్తుంది. పార్కులో నడకకి పర్లేదు. మన కొండల మీద పదునైన రాళ్ళు ఆ నురుగుని తొందరగా కొరికేస్తాయి. కొస నుంచి కొస దాకా రబ్బరు ఉన్నది తీసుకోండి. పళ్ళు నాలుగైదు మిల్లీమీటర్ల లోతు ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండాలి. అప్పుడే గులక రాళ్ళ మీద పట్టు దొరుకుతుంది, మట్టి ఇరుక్కోదు.

ఈ పళ్ళ రబ్బరు సోల్ వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో చలికి, సరైన బూట్లు లేక ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ళ స్నేహితుడు విటాలె బ్రమాని ఆ బాధలోంచే రబ్బరు సోల్ తయారుచేసి, 1937లో పేటెంట్ తీసుకున్నాడు. విబ్రమ్ అన్న పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. అంటే సోల్ అనేది అందం కోసం కాదు, ప్రాణం కోసం పుట్టింది.

రెండోది, పై గుడ్డ. ఎండాకాలానికి గాలి ఆడే జాలీ బాగుంటుంది. కానీ పెద్ద కన్నాల జాలీలోంచి గడ్డి ముళ్ళు దూరతాయి, దుమ్ము లోపలికి వెళ్ళి ఉప్పు కాగితంలా గుడ్డనీ మేజోడునీ అరగదీస్తుంది. దగ్గరగా నేసిన గట్టి నైలాన్ మంచిది. వేళ్ళ ముందు రబ్బరు తొడుగు, పక్కల రాయి రాసుకునే చోట పట్టీ ఉండాలి. ఇంకో సంగతి, కుట్లు లెక్కపెట్టండి. వేళ్ళ దగ్గర బూటు మడత పడే చోట కుట్టు ఉంటే మొదట తెగేది అక్కడే. కుట్లు ఎంత తక్కువ ఉంటే అంత ఆయుష్షు.

మూడోది, అడుగున ఉండే పలక. తుమ్మ ముల్లు మెత్తటి సోల్‌లోంచి సూదిలా దిగుతుంది, మన పల్లెల్లో తిరిగిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొన్ని తేలిక బూట్లలో సోల్ మధ్య పల్చటి గట్టి పలక పెడతారు. బొటనవేలితో కింద నుంచి గట్టిగా నొక్కండి. లోపలి దాకా వేలు తెలుస్తోందంటే వద్దు.

వాటర్‌ప్రూఫ్ కావాలా?

ఎండాకాలానికి నా సమాధానం: వద్దు. నీళ్ళు లోపలికి రానివ్వని పొర చెమటని కూడా సరిగ్గా బయటికి పోనివ్వదు. నలభై డిగ్రీల ఎండలో కాలు ఉడికిపోతుంది. తడిసిన చర్మం మెత్తబడుతుంది, మెత్తబడిన చర్మం మీద రాపిడి పడితే పొక్కు లేస్తుంది. పైగా వాగు దాటేటప్పుడు పైనుంచి నీళ్ళు దూరాయంటే ఆ పొరే బకెట్‌లా పట్టి ఉంచుతుంది. గాలి ఆడే బూటయితే తడిసినా నడుస్తూ ఉంటే ఆరిపోతుంది. వానాకాలం, మంచు సంగతి వేరు.

అలాగే చీలమండ దాకా ఎత్తున్న బూటు వేసుకుంటే కాలు మెలిక పడదని చాలామంది నమ్మకం. గులక రాళ్ళు, ముళ్ళ నుంచి అది కాపాడుతుంది, నిజమే. కానీ మెత్తటి గుడ్డ ఎంత ఎత్తున్నా బరువుగా పడే మనిషిని ఆపలేదు. అంతకంటే మడమ చుట్టూ ఉండే గిన్నె గట్టిగా ఉండటం ముఖ్యం. రెండు వేళ్ళతో మడమ భాగాన్ని నొక్కండి, అణిగిపోకూడదు.

షాపులో ఐదు నిమిషాల పరీక్ష

సాయంత్రం వెళ్ళండి. పగలంతా నడిచాక పాదం ఉబ్బుతుంది, కొండ మీద కూడా అదే జరుగుతుంది. నడకకి వేసుకునే మేజోళ్ళే తీసుకెళ్ళండి.

ఒకటి: బూటుని వంచండి. మన వేళ్ళు మడత పడే చోటే వంగాలి, నడిమధ్యలో కాదు. రెండు: తువ్వాలు పిండినట్టు మెలితిప్పండి. కొంచెం తిరగాలి, పూర్తిగా తిరిగిపోతే రాళ్ళ మీద అరికాలు అలిసిపోతుంది. మూడు: వేసుకుని, లేసులు కట్టి, ఏదైనా ఏటవాలు చోట కిందికి దిగండి. వేళ్ళు ముందు తగిలాయంటే ఆ సైజు వద్దు. కొండ దిగేటప్పుడు గోళ్ళు నల్లబడేది దీనివల్లే. మన పాదాలు చాలామందికి ముందు వెడల్పు. పొడవు సరిపోయినా పక్కన నొక్కుతుంటే, "వాడితే సాగుతుందిలే సార్" అన్న మాట నమ్మకండి. నైలాన్ పెద్దగా సాగదు.

ధర కూడా కిలోమీటర్లలో చూడండి. ఉదాహరణకి 4,000 రూపాయల జత 400 కిలోమీటర్లకి పోతే కిలోమీటరుకి పది రూపాయలు. 7,000 జత వెయ్యి కిలోమీటర్లు వస్తే ఏడు రూపాయలు. ఏది చవక?

బాబాయ్ బూటు ఎందుకు ఊడింది?

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. పాదానికీ రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఈవీఏ: చాలా తేలిక, కానీ వాడేకొద్దీ అణిగిపోయి మెత్తదనం పోతుంది. రెండోది పాలీయురెథేన్, పీయూ అంటారు: కాస్త బరువు, కానీ అంత తొందరగా అణగదు. అందుకే మన్నిక కోరేవాళ్ళు పీయూ కొంటారు. నేనూ అదే కొన్నాను.

కానీ పీయూకి ఒక శత్రువు ఉంది, గాలిలో తేమ. తేమ నెమ్మదిగా ఆ పదార్థం లోపలి బంధాలని తెంపుతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. వేడి తోడైతే ఇంకా వేగం. బూటు వాడకపోయినా, డబ్బాలో ఉన్నా ఇది ఆగదు. ఐదేళ్ళు, పదేళ్ళలో పైకి నిగనిగలాడుతూనే లోపల బెల్లం ముక్కలా పొడి అయిపోతుంది. నేను "వాడలేదు కాబట్టి కొత్తవే" అనుకున్నాను. నడిచినదాని లెక్క వేశాను గానీ, సంవత్సరాల లెక్క వెయ్యలేదు.

కాబట్టి మూడు జాగ్రత్తలు. కొనేటప్పుడు డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. సగం ధరకి ఇస్తున్నారంటే పాత సరుకేమో అని ముందు అదే చూడాలి. పాత బూట్లు తీసినప్పుడు ఆ మధ్య పొరని గోటితో గట్టిగా నొక్కండి. పగుళ్ళున్నా, జిగురుగా ఉన్నా, పొడి రాలినా పారెయ్యండి, ఎవరికీ ఇవ్వకండి. బాగానే ఉన్నా వాటితో ఇంటి దగ్గర రెండు మూడు రోజులు నడిచాకే కొండకి వెళ్ళండి.

ఈవీఏ బూటుకి ఈ జబ్బు రాదు గానీ, అతికించిన జిగురు వేడికి మెత్తబడొచ్చు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో బూట్లు వదలకండి. తడిసినవి మంట దగ్గర, హీటర్ దగ్గర పెట్టకండి, లోపల పాత పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి. సోల్ అంచు కొంచెం విడిందనిపించగానే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి చుట్టూ కుట్టు వేయించండి. వాటర్‌ప్రూఫ్ కాని బూటుకి ఈ కుట్టు వల్ల నష్టం లేదు. తక్కువ ఖర్చుతో ఇంకొన్నాళ్ళు వస్తుంది. అయితే లోపలి పొర పొడి అయిపోయిన బూటుని మాత్రం ఏ కుట్టూ కాపాడలేదు.

చివరిగా, నీళ్ళ సీసాకి రెండు మీటర్ల గట్టి టేపు చుట్టి పెట్టుకోండి. ఆ రోజు మా దగ్గర తువ్వాలు బదులు అది ఉంటే, బాబాయ్ కథ వేరేలా ఉండేదేమో.

సలేశ్వరంలో వట్టి కాళ్ళతో దిగే భక్తులూ చాలామంది కనిపిస్తారు. వాళ్ళకి ప్రతి రాయి ముందే తెలుస్తుంది కాబట్టి చూసి అడుగేస్తారు. మనం బూటుని నమ్మి చూడకుండా అడుగేస్తాం. అలా నమ్మేటప్పుడు అది నమ్మదగ్గదో కాదో ముందు ఇంటి దగ్గరే చూసుకోవాలి, అంతే.

ఈ రోజే ఒక పని చెయ్యండి. అటక మీద ఉన్న బూట్లు దింపి గోటితో నొక్కి చూడండి. ఏం తేలిందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మేజోళ్ళు, పొక్కుల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు, నమస్కారం.