పురావస్తు కాలనిర్ణయ పద్ధతులు: తులనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తన కాలాన్ని తానే చెబుతుంది: శక సంవత్సరం 1084, అంటే క్రీ.శ. 1163. ములుగు జిల్లా దామరవాయిలోని రాకాసి గుళ్ళకు అటువంటి అక్షరసాక్ష్యం లేదు. అక్షరం లేనిచోట కాలాన్ని పదార్థం నుండే రాబట్టాలి. అయితే ప్రతి పద్ధతీ ఒక వస్తువు చరిత్రలోని ఏదో ఒక సంఘటనకు మాత్రమే కాలం చెబుతుంది. ఆ సంఘటన ఏదో గుర్తించడమే ఈ పద్ధతులను పోల్చడానికి సరైన ప్రాతిపదిక.

2. సాపేక్ష కాలనిర్ణయం

కింది స్తరం పాతది, పై స్తరం కొత్తది అన్న సూత్రం దీనికి ఆధారం. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపి, పై స్తరాల కాలాన్ని రోమన్ సంబంధాల ఆధారంగా నిర్ణయించాడు. కింది స్తరాల వ్యవధిని వాటి మందాన్నిబట్టి అంచనా వేసి, బృహత్ శిలా సంస్కృతి సుమారు క్రీ.పూ. 200లో మొదలైందని భావించాడు. తరువాత హళ్ళూరు కార్బన్ ఫలితాలు దక్షిణాదిలో ఇనుము వాడకాన్ని క్రీ.పూ. 1000 ప్రాంతానికి జరిపాయి. స్తరాలు వరుసను చెప్పగలవు గాని, వ్యవధిని చెప్పలేవని దీనివల్ల స్పష్టమవుతుంది.

3. కార్బన్-14 పద్ధతి

1949లో విల్లార్డ్ లిబ్బీ బృందం వెలువరించిన ఈ పద్ధతి జీవి మరణించిన కాలాన్ని కొలుస్తుంది. కార్బన్-14 అర్ధ జీవితకాలం సుమారు 5,730 సంవత్సరాలు. కనుక దాదాపు 50,000 ఏళ్ళు దాటితే కొలవదగినంత మిగలదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదకుప్పను 1957లో ఆల్చిన్ తవ్వాడు. అది పశువుల దొడ్లలో పేడ పదేపదే కాలగా ఏర్పడిన కుప్ప. కార్బన్ ఫలితాలు దాన్ని క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో నిలిపాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ముసలి చెట్టు నడిమి చేవ నుండి వచ్చిన బొగ్గు, మంట పెట్టిన నాటికంటే ఎన్నో ఏళ్ళ ముందటి కాలాన్ని చూపవచ్చు. ఒక్క ఏడాదిలో పండి ముగిసే ధాన్యపు గింజ ఇంతకంటే నమ్మదగిన నమూనా.

4. దీప్తి పద్ధతులు

మట్టిలోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రేణువులు పరిసర వికిరణశక్తిని కాలక్రమంలో నిల్వచేసుకుంటాయి. వేడి లేదా వెలుగు సోకగానే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. థర్మోలూమినిసెన్స్ కుండ చివరిసారి కాలిన సమయాన్ని, ఓఎస్ఎల్ మట్టి రేణువు చివరిసారి వెలుగు చూసిన సమయాన్ని తెలుపుతాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సమాధుల తవ్వకంలో ఇనుప వస్తువులు లభించాయి. అక్కడి ఓఎస్ఎల్ ఫలితాలు క్రీ.పూ. 2400-1800 మధ్యకాలాన్ని సూచించాయని ప్రకటించారు. తెలంగాణలో ఇనుము ప్రాచీనతకు ఇది కీలక సాక్ష్యం. అయితే ఈ పద్ధతి కొలిచేది ఖనిజ రేణువులనే గాని ఇనుమును కాదు. ఆ కాలం ఇనుముకూ వర్తించాలంటే, రెండూ ఒకే నిక్షేపానికి చెందినవని, తరువాత ఆ మట్టి చెదరలేదని తవ్వకపు నమోదులు నిరూపించాలి.

5. అగ్నిపర్వత బూడిద

కార్బన్ పరిధి దాటిన కాలానికి ఆర్గాన్ పద్ధతి తోడ్పడుతుంది. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో రాతి పనిముట్లున్న పొరల మధ్య కనిపించిన బూడిద, సుమారు 74,000 ఏళ్ళ నాటి సుమత్రాలోని టోబా విస్ఫోటనానిది. బూడిద రసాయనిక లక్షణాలే ఆ సంబంధాన్ని తేల్చాయి. దాని కింది పనిముట్లు విస్ఫోటనానికి ముందువి, పైవి తరువాతివి.

6. ముగింపు

కార్బన్ మరణాన్ని, దీప్తి చివరి వేడినీ వెలుగునూ, ఆర్గాన్ శిలాద్రవం చల్లబడటాన్ని కొలుస్తాయి. వీటిలో ఏదీ స్తరపరిశీలనకు ప్రత్యామ్నాయం కాదు. అందువల్ల పరిశోధకులు కాలాన్ని ఉటంకించేటప్పుడు నమూనా ఏది, అది ఏ స్తరంలోనిది, దోషపరిమితి ఎంత, కార్బన్ ఫలితమైతే దానిని క్యాలిబ్రేట్ చేశారా అన్న వివరాలు తప్పక ఇవ్వాలి. ఇవి లేని సంఖ్యను ప్రాంతీయ చరిత్రకు నిర్ణాయక ఆధారంగా స్వీకరించరాదు.