రాక్ మార్చారు.. రథం కదిలింది!
కోవిల్‌పట్టి తెలుగింటి పాత హెరాల్డ్‌కు విరుదునగర్ షెడ్డులో మరమ్మతు

కోవిల్‌పట్టి: తాత కొన్న కారు. నాయన నడిపిన కారు. కొన్నేళ్లుగా కొట్టంలో గోనెపట్టాల కింద నిలబడిపోయింది. నెలకోసారి స్టార్టు చేస్తే ఇంజను పలుకుతుంది. బ్రేకులూ పడతాయి. స్టీరింగే మాట వినదు. చేతిలో చక్రం బెత్తెడు తిరిగినా ముందు టైర్లలో చలనం ఉండదు. మనవరాలి పెళ్లికి ఇదే కారు రావాలని ఇంటి పెద్దావిడ పట్టు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన ఓ తెలుగు కుటుంబం కథ ఇది. పేర్లు రాయొద్దన్నారు.

స్పిట్‌ఫైర్‌కు అన్న

ఆ కారు స్టాండర్డ్ హెరాల్డ్. బ్రిటన్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు మన రూపం. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961లో తయారీ మొదలుపెట్టింది. గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్‌కారు ఈ హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగా పుట్టిందే. స్టీరింగు రాక్ కూడా ఆ కుటుంబానిదే. అప్పట్లో 25 అడుగుల వలయంలో గిర్రున తిరగడం హెరాల్డ్ గొప్ప.

తమిళనాట తెలుగువాళ్లకు మోటార్ల మోజు కొత్త కాదు. 1920లోనే పొల్లాచ్చి-పళని మధ్య బస్సు నడిపిన జి.డి.నాయుడు, రేసుకార్లు తయారు చేసిన కరివర్ధన్ ఆ కోవలోని వారే.

బిగిస్తే పోదా?

స్టీరింగు కడ్డీ చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది అడ్డంగా ఉన్న పళ్లకడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ కడ్డీయే రాక్. బండి ఎక్కువసేపు నేరుగా పోతుంది కాబట్టి నడిమి పళ్లే ముందు అరుగుతాయి. లోపలి షిమ్ము తీసి బిగిస్తే ప్లే పోయినట్టే ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే.

కారును లారీకెక్కించి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని విరుదునగర్‌కు తీసుకెళ్లారు. అక్కడి ముసలి మేస్త్రీ ఇంట్లో మాట్లాడేదీ తెలుగే.

‘బిగిస్తే సరిపోదా అన్నా? పెండ్లికి పది మైళ్లు పోతే చాలు’ అన్నాడు యజమాని.

‘నడిమికి సరిగ్గా బిగిస్తే, అరగని కొసల్లో పట్టేస్తాది తమ్ముడూ. మలుపు తిరిగినాక చక్రం వెనక్కి రాకుంటే? లోపల కూర్చునేది పెండ్లికూతురు. నేను బిగించను’ అని మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు.

సుద్దముక్క లెక్క

హెరాల్డ్ తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది. అయినా బ్రిటన్‌లో ట్రయంఫ్ అభిమానుల పుణ్యమా అని విడిభాగాలు దొరుకుతున్నాయి. అక్కడా స్టీరింగు కుడివైపే కాబట్టి రాక్ సరిపోతుంది. పార్సిలు వచ్చేదాకా పెళ్లింట గుబులే!

పాత రాక్ విప్పితే అసలు సంగతి బయటపడింది. చివర్లలోని రబ్బరు బూట్లు చిరిగి, నల్లరేగడి దుమ్ము లోపలికి చేరింది. గ్రీజుతో కలిసి ఆకురాయిలా బాల్‌జాయింట్లను అరగదీసింది. రాక్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు ఇంజను ఆయిలు కారి మెత్తబడ్డాయి. దాంతో చక్రం తిప్పినప్పుడల్లా రాకే పక్కకు జరిగేది.

టైరాడ్ ఎండ్‌లు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగాయో మేస్త్రీ సుద్దముక్కతో గోడమీద రాసుకున్నాడు. కొత్తవి అన్నే చుట్లు ఎక్కించాడు. రాక్‌ను సరిగ్గా నడిమికి పెట్టి, చక్రం నేరుగా నిలిపి కలిపాడు. బుష్‌లు, బూట్లు అన్నీ మార్చాడు. చివరికి వీల్ అలైన్‌మెంట్ చేయించాడు.

పనిలో పనిగా ముందు చక్రాల కింది ట్రనియన్లూ చూశాడు. వాటికి గ్రీజు కాదు, గేరాయిలు పట్టాలి. అది అందకపోతే పైన ఉండే ఇనుప కాడ తుప్పుపట్టి విరుగుతుంది. పోతూ పోతూ చక్రం ఒరిగిపోతుంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ఉన్నవాళ్లు ఎవరైనా గుర్తుంచుకోవాల్సిన సంగతిది.

వింటాండాదా?

సాత్తూరు మీదుగా కారు సొంతంగా ఇంటికి చేరింది. పెద్దావిడ ఎదురొచ్చి బానెట్టు మీద చెయ్యి వేసింది.

‘ఇప్పుడు చెప్పిన మాట వింటాండాదా నాయనా?’

‘వింటాండాది అమ్మా. ఏలు పెడితే తిరుగుతాండాది.’

పెళ్లినాడు మేస్త్రీని కూడా అదే కారులో తీసుకొచ్చారు. ముందు సీట్లో కూర్చున్నా, దారి పొడుగునా ఆయన చూపు స్టీరింగు మీదే!