ఎలుకను వెనక్కి పంపే పలక: జపాన్ పాత ధాన్యపు కొట్లలో మనకు పనికొచ్చేవి

నూర్చి ఇంటికి తెచ్చిన ధాన్యానికి ఎలుక, తేమ, నిప్పు, మూడూ శత్రువులే. జపాన్ రైతులు వీటిని ఎలా అడ్డుకున్నారో వాళ్ల పాత కొట్ల పేర్లలోనే తెలుస్తుంది. కొట్టును వాళ్లు 'కురా' అంటారు. బియ్యం, వడ్లు దాచేది 'కొమెగురా'. 'కురా కట్టాడు' అంటే బాగా సంపాదించాడని అర్థం.

షిజుఓకా నగరంలోని తోరో వద్ద సుమారు 2000 ఏళ్ల నాటి వరి మడులు, కొట్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. అక్కడ పాత పద్ధతిలో మళ్లీ కట్టిన కొట్టు మన గాదెలాగే కాళ్లమీద నిలబడుతుంది. ఒక్కో కాలి పైభాగాన వెడల్పాటి చెక్క పలక ఉంటుంది. దాని పేరు 'నెజుమిగయేషి', అంటే ఎలుకను వెనక్కి పంపేది. కాలు పట్టుకుని పాకిన ఎలుక పలక అడుగుకు చేరి, అంచు దాటలేక దిగిపోతుంది.

తర్వాతి కాలంలో మట్టి గోడల 'దోజో' వచ్చింది. వెదురు తడికకు గడ్డి కలిపిన మట్టిని పొరలు పొరలుగా, ఒకటి ఆరాక ఇంకొకటి మెత్తుతారు. పైన సున్నపు పూత. గోడ దాదాపు అడుగు మందం. చుట్టుపక్కల నిప్పంటుకుంటే తలుపు సందులు మూయడానికి తడి మట్టిని ముందే సిద్ధంగా ఉంచేవారు. దాన్ని 'యోజిన్ త్సుచి', అంటే జాగ్రత్త మట్టి అనేవారు. ఎంత ముందుచూపో చూడండి!

సకాటా పట్టణంలో 1893లో కట్టిన సాంక్యో కొట్లలో 2022 వరకూ బియ్యం నిల్వ చేశారు. పడమటి ఎండ తగలకుండా వరుసగా కెయాకి చెట్లు పెంచారు. కప్పు రెండు వరసలు; మధ్యలో గాలి ఆడుతుంది కాబట్టి వేడి లోపలికి దిగదు.

మీ గాదె కాళ్లకు కూడా ఇలాంటి అడ్డు పెట్టవచ్చు. నేల నుంచి కనీసం 3 అడుగుల ఎత్తున, చుట్టూ ముప్పావు అడుగు బయటికి వచ్చేలా రేకును గొడుగులా బిగించండి. సందు మిగలకూడదు. నిచ్చెన ఆనించి వదిలేసినా, పక్కన బస్తాలు పేర్చినా ఎలుకకు వేరే దారి దొరికినట్టే. కొట్టు ఎంత బాగున్నా పచ్చి వడ్లు పోస్తే బూజు పడుతుంది. తేమ 14 శాతానికి, విత్తనమైతే 13 శాతానికి దిగాకే నిల్వ చేయండి. రేకుల షెడ్డయితే ఈ వానాకాలంలోనే పడమర వైపు రెండు మూడు వేప మొక్కలు నాటండి.